టెక్స్ విల్లర్ గుట్టు కాగితం కొలతలో ఉంది

1948 సెప్టెంబర్ 30న ఇటలీ పత్రికల బడ్డీల్లోకి వచ్చిన బొమ్మల కథల కౌబాయ్ టెక్స్ విల్లర్ ఇప్పటికీ నెలనెలా వస్తూనే ఉన్నాడు. ఎందుకు నిలిచాడంటే అభిమానులు అతని ధైర్యం, న్యాయబుద్ధి, నవాహోలనే అమెరికా ఆదివాసీ తెగతో చుట్టరికం చెబుతారు. ధైర్యవంతులైన బొమ్మల వీరులు ఆ రోజుల్లో చాలామందే పుట్టి, చాలామందే పోయారు. టెక్స్‌ను కాపాడింది అచ్చు లెక్క.

పుట్టుకే చూడండి. రచయిత జాన్ లుయీజి బొనెల్లి, చిత్రకారుడు గలెప్పీని అప్పట్లో ఆశలన్నీ 'ఒక్కియో కూపో' అనే ఖరీదైన పెద్దసైజు బొమ్మల కథ మీద పెట్టుకున్నారు. గలెప్పీని పగలంతా దానికే కేటాయించి, రాత్రిళ్లు మిగిలిన ఓపికతో టెక్స్ గీసేవాడు. పెద్దది కొద్దికాలానికే మూతపడింది. చెక్కుబుక్కులా అడ్డంగా ఉండే 32 పేజీల, 15 లీరాల బుల్లి పుస్తకం బతికింది.

ఆ బుల్లి పుస్తకంలో పేజీకి ఒకే వరుస బొమ్మలు. అంటే రెండో మూడో గడులు, అంతే. అలాంటి మూడు వరుసల్ని ఒకదాని కింద ఒకటి పేర్చితే సుమారు 16 సెం.మీ. వెడల్పు, 21 సెం.మీ. ఎత్తున్న నిలువు పేజీ వస్తుంది. 1958లో మొదలైన, ఇప్పుడు నెలనెలా వచ్చే పుస్తకం ఇలా పాత సరుకును పేర్చి కుట్టిందే. వరుస వరుసకూ పేజీ తిప్పించాలని గీసిన బొమ్మలు కాబట్టి, పేర్చాక ఒక్క పేజీలోనే మూడుసార్లు ఉత్కంఠ పుడుతుంది. టెక్స్ కథ పరుగు ఇక్కడి నుంచే వచ్చిందని నా గట్టి నమ్మకం. 1967లో బుల్లి పుస్తకం ఆగిపోయినా కొలత మారలేదు. ఇటలీలో ఇప్పటికీ దాన్ని 'బొనెల్లి సైజు' అనే అంటారు.

అసలు కష్టం గీతలో ఉంటుంది. చేయి తిరిగిన చిత్రకారుడు నెలకు పదిహేను పేజీలు గీశాడనుకున్నా, 110 పేజీల సంచికకు ఏడు నెలలు దాటుతుంది. నెల తప్పకూడదంటే ఏడెనిమిది మంది ఒకేసారి వేర్వేరు కథలు గీస్తూ ఉండాలి. అందుకే నలుపు తెలుపు. రంగు నూరో సంచికకు, రెండొందలో సంచికకు, అలా ఎక్కువగా నూటికొకసారే. ఇంకో కిటుకు కూడా ఉండేది. కథ సంచిక మధ్యలో ముగిసి, తర్వాతి పేజీలోనే కొత్త కథ మొదలయ్యేది. కొన్నవాడు వచ్చే నెలా కొనాల్సి వచ్చేది. 400వ సంచిక దాకా ముఖచిత్రం గలెప్పీనిదే. 1994లో ఆయన పోయాక క్లాడియో విల్లా అందుకున్నాడు. సంచిక ఒక్క నెలా ఆగలేదు.

ఇటలీ చిత్రకారుడు హ్యూగో ప్రాట్ సృష్టించిన బొమ్మల నావికుడు కోర్తో మాల్తేసేనే అసలైన కళ అనీ, టెక్స్ ఒకే పాటను తిప్పి తిప్పి పాడతాడనీ మేధావుల మాట. కోర్తో గొప్పవాడే, కాదనను. కానీ టెక్స్‌లో లోతు లేదనడం అన్యాయం. అతను నవాహోల నాయకుడు. అతని భార్య లిలిత్‌ను చంపింది తెల్ల వర్తకులు అంటగట్టిన మశూచి కంబళ్లు. 1960ల చివర్లో, బడ్డీలో దొరికే చవక పుస్తకం పిల్లలకు ఈ మాట చెప్పింది.

ఇది రాస్తుంటే నాకు చందమామే గుర్తొస్తోంది. టెక్స్ కంటే ఏడాది ముందు, 1947 జులైలో పుట్టింది. దానికీ చాలాకాలం మారని కొలత ఉండేది, చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య లాంటి చేతులుండేవి. 2013 నాటికి అచ్చే ఆగిపోయింది. తెలుగువాళ్లు చదవడం మానేశారన్న సాకు నేను ఒప్పుకోను. ఇవాళ మన దగ్గర బొమ్మల కథ వేద్దామనుకునేవాళ్లు ముందే నున్నటి ఆర్ట్ పేపరు, నాలుగు రంగులు, గట్టి అట్ట అంటారు. ధర వందల్లోకి వెళ్తుంది, రెండో సంచిక రాదు. ఒక్కియో కూపో చేసిన తప్పే ఇది. టెక్స్ మనకేమీ దూరపువాడు కాదు. పక్కనే శివకాశిలో, లయన్ కామిక్స్ వాళ్లు 1980ల నుంచి అతన్ని తమిళంలో అచ్చేస్తున్నారు.