మంటల్లోకి వెళ్ళేవారికి శిక్షణ ఐచ్ఛికమా?

డాలస్ నుంచి ఆస్టిన్‌కి ఐ-35 మీద కారులో వెళ్ళే తెలుగువాళ్ళలో చాలామందికి వెస్ట్ అనే చిన్న ఊరు తెలుసు. వేకో ఇంకా రాకముందే కాఫీకి, కొలాచీలకి (చెక్ తరహా బన్నులకి) ఆగే చోటు అది. 2013 ఏప్రిల్ 17 సాయంత్రం ఆ ఊళ్ళో ఎరువుల గోడౌన్ అంటుకుంది. వాలంటీర్ ఫైర్ ఫైటర్లు చేతిలో పని వదిలేసి పరుగెత్తారు. అదే ఊళ్ళో ఎమర్జెన్సీ మెడికల్ క్లాసులో కూర్చున్న కొందరు కూడా వెళ్ళారు. మంట సంగతి తెలిసిన ఇరవై నిమిషాలకి, లోపల నిల్వ ఉన్న అమ్మోనియం నైట్రేట్ పేలింది. చనిపోయిన 15 మందిలో 12 మంది సాయానికి వెళ్ళినవాళ్ళే.

ఫెడరల్ కెమికల్ సేఫ్టీ బోర్డు 2016లో ఇచ్చిన నివేదిక చదివితే గుండె బరువెక్కుతుంది. ప్రమాదకర రసాయనాలపై వాళ్ళకి తగిన శిక్షణ లేదు. ఆ గోడౌన్‌లో మంట లేస్తే ఏం చేయాలో ముందుగా వేసుకున్న ప్లాన్ లేదు. అక్కడ ఎవరి మాట ఎవరు వినాలో కూడా స్పష్టత లేదు. అంత మోతాదులో అమ్మోనియం నైట్రేట్ మంటల్లో చిక్కుకుంటే చేయాల్సిన పని, జనాన్ని ఖాళీ చేయించి తామూ దూరంగా వెళ్ళిపోవడం. కానీ ఊరివాళ్ళ ఆస్తి కాలిపోతుంటే ఎవరికైనా పైపు పట్టుకుని ముందుకే వెళ్ళాలనిపిస్తుంది. వెనక్కి తగ్గడం ముందే నేర్పాల్సిన విద్య. పదేపదే సాధన చేయిస్తే తప్ప ఆ క్షణంలో గుర్తుకు రాదు.

టెక్సాస్‌కి ఇది మొదటి దెబ్బ కూడా కాదు. 1947 ఏప్రిల్ 16న టెక్సాస్ సిటీ రేవులో అమ్మోనియం నైట్రేట్ నింపిన ఓడ పేలి 500 మందికి పైగా చనిపోయారు. మంట ఆర్పడానికి వెళ్ళిన ఆ ఊరి వాలంటీర్ దళం దాదాపు మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. 66 ఏళ్ళ తర్వాత అదే రాష్ట్రంలో, అదే రసాయనం దగ్గరికి, దాని గురించి సరిగ్గా చెప్పకుండానే మళ్ళీ వాలంటీర్లని పంపారు.

టెక్సాస్‌లో జీతం తీసుకునే ఫైర్ ఫైటర్‌కి రాష్ట్ర కమిషన్ సర్టిఫికేట్ తప్పనిసరి. వాలంటీర్‌కి మాత్రం రాష్ట్రం నిర్ణయించిన కనీస శిక్షణ వెస్ట్ ప్రమాదం నాటికి లేదు. ఎంత నేర్పాలో ఏ దళానికి ఆ దళమే తేల్చుకునేది. అమెరికా ఫైర్ ఫైటర్లలో దాదాపు మూడింట రెండు వంతులు వాలంటీర్లే కాబట్టి ఇది చిన్న లోటు కాదు. ఇక ఫైర్ ఫైటర్ల భద్రతపై ఫెడరల్ కార్మిక భద్రతా సంస్థ ఓషా నిబంధన 1980 నాటిది. పైగా స్థానిక ప్రభుత్వ ఉద్యోగుల మీద ఓషాకి నేరుగా అధికారం లేదు. సొంత భద్రతా ప్రణాళిక పెట్టుకున్న రాష్ట్రాల్లోనే ఆ ప్రమాణాలు వాళ్ళకి వర్తిస్తాయి. టెక్సాస్‌కి అలాంటి ప్రణాళిక లేదు.

2024 ఫిబ్రవరిలో ఓషా కొత్త నిబంధన ప్రతిపాదిస్తే, ఇంత శిక్షణ, ఇంత ఖర్చు అంటే స్టేషన్లు మూసుకోవాల్సిందే అని వాలంటీర్ దళాలు గట్టిగా అభ్యంతరం చెప్పాయి. ఆ బాధ నిజమే. పగలంతా పొలంలోనో షాపులోనో పనిచేసి, జీతం లేని పని కోసం రాత్రి క్లాసుకి వెళ్ళమంటే ఎంతమంది నిలబడతారు? అయినా శిక్షణ తప్పనిసరి కావాల్సిందేనని నా అభిప్రాయం. దాని ఖర్చు రాష్ట్రం భరించాలి, క్లాసులు సాయంత్రాలు, శనివారాలు పెట్టాలి. పూర్తి శిక్షణ లేనివాళ్ళు ట్రక్కు నడపొచ్చు, నీళ్ళు అందించొచ్చు. కాలుతున్న ఇంట్లోకి మాత్రం పంపకూడదు. ఊళ్ళో ఎరువుల గోడౌన్ ఉంటే ఆ దళానికి మొదటి పాఠం దాని గురించే ఉండాలి.

శిక్షణ అన్న ముద్ర పడగానే సరిపోదు కూడా. కాలిఫోర్నియాలో స్థానిక సంస్థల బోర్డు సభ్యులకి రెండేళ్ళకోసారి రెండు గంటల నైతిక ప్రవర్తన శిక్షణ, ఉద్యోగులకి లైంగిక వేధింపుల నివారణ శిక్షణ ఉన్నాయి. రెండూ అవసరమే, కంప్యూటర్ ముందు పూర్తి చేయొచ్చు. పొగలో గాలి సిలిండర్ మాస్కుతో ఊపిరి తీయడం అలా రాదు. నిజమైన మంటతో నేర్పాలి, నేర్పేవాళ్ళకీ నియమం ఉండాలి. 2001 సెప్టెంబర్‌లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెయిర్డ్స్‌విల్‌లో, శిక్షణ కోసం నిప్పు పెట్టిన పాత ఇంట్లో బాధితుడిగా పడుకోబెట్టిన 19 ఏళ్ళ కొత్త వాలంటీర్ నిజంగానే చనిపోయాడు. అలా మనుషుల్ని పడుకోబెట్టకూడదని జాతీయ ప్రమాణం అప్పటికే చెబుతోంది. శిక్షణ నడిపిన అధికారికి కోర్టులో శిక్ష పడింది.

టెక్సాస్ శివార్లలో ఇల్లు కొన్నవాళ్ళు ప్రాపర్టీ టాక్స్ బిల్లు ఒకసారి చూడండి. చాలాచోట్ల అందులో ఎమర్జెన్సీ సర్వీసెస్ డిస్ట్రిక్ట్ అని ఒక వరుస ఉంటుంది. మంటలు ఆర్పడం లాంటి సేవల కోసం సొంత బోర్డు, సొంత పన్ను ఉన్న స్థానిక సంస్థ అది. ప్రతి 100 డాలర్ల ఆస్తి విలువకి 10 సెంట్లు మించి అది వసూలు చేయకూడదు. దాని బోర్డు సమావేశాలకి ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు. మన వీధికి వచ్చే ఆ ట్రక్కులో ఉన్నవాళ్ళకి నిరుడు ఎన్ని గంటలు శిక్షణ ఇచ్చారు, వాటిలో ఎన్ని నిజమైన మంట ముందు గడిచాయి, ఈ చుట్టుపక్కల గోడౌన్లలో ఏముందో వాళ్ళకి తెలుసా అని అక్కడ అడగాలి.