మూడు సెంటీమీటర్లు దాటకముందే

వాత పెట్టడమంటే ఏమిటో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు. కామెర్లకు కాల్చిన కడ్డీతో చురక పెట్టించుకుని, రోగం తగ్గక పుండు మిగిలినవారు ఎందరో. అందుకే ఊపిరితిత్తిలోని క్యాన్సర్ కణితిని వేడితో మాడ్చే చికిత్స ఉందని డాక్టరు చెబితే ఇంటి పెద్దలు ఉలిక్కిపడతారు. ఆ భయం పోవాలి.

రోగిని సీటీ స్కాన్ బల్లపై పడుకోబెట్టి, పక్కటెముకల మధ్య మత్తుమందు ఇచ్చి, సన్నని సూదిని కణితి నడిమికి చేరుస్తారు. మొన ఎక్కడుందో తెరపై చూసుకుంటూ కొద్దికొద్దిగా జరుపుతారు. రేడియో తరంగాలతోనో మైక్రోవేవ్‌తోనో అక్కడ వేడి 60 డిగ్రీలు దాటిందంటే కణాలు క్షణాల్లో చచ్చిపోతాయి. చుట్టూ గాలి నిండిన ఊపిరితిత్తి ఆ వేడిని బయటికి పోనివ్వదు. పక్కనే పెద్ద రక్తనాళం ఉంటే మాత్రం పారే నెత్తురు వేడిని లాగేస్తుంది. పని ముగిశాక తెరపై కణితి చుట్టూ వేడి తగిలిన మేర పొగమంచు లాంటి వలయం కనిపిస్తుంది. అది అన్ని వైపులా కనీసం 5 మిల్లీమీటర్లు పరచుకుందా అని డాక్టర్లు కొలిచి చూస్తారు. ఛాతీలో గాలి చేరి ఊపిరితిత్తి ముడుచుకునే ప్రమాదమూ ఉంది. కొందరికి ఆ గాలి తీయడానికి ఛాతీలోకి గొట్టం వేయాల్సి వస్తుంది. చాలామంది ఒకటి రెండు రోజుల్లో ఇంటికి వెళ్తారు.

ఆపరేషన్‌కు తట్టుకోగలవారికి ఆపరేషనే మేలు. కానీ పొగతో ఊపిరి సగమైన వృద్ధులు, గుండె బలహీనమైనవారు కత్తికి తట్టుకోలేరు. అలాంటివారికి రేడియేషన్‌తో పాటు ఇదీ ఒక దారి. అయితే కణితి 3 సెంటీమీటర్లలోపు ఉన్నప్పుడే ఫలితం బాగుంటుంది.

మన జిల్లాల్లో చిక్కంతా అక్కడే. దగ్గు ఆగకపోతే ముందు టీబీ అనుకుంటారు. కఫంలో క్రిమి కనిపించకపోయినా ఎక్స్‌రేలో మచ్చను చూసి ఆరు నెలల మందులు మొదలుపెట్టడం కొత్త కాదు. ఆ ఆరు నెలలూ కణితి పెరుగుతూనే ఉంటుంది. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాల్చే మన తల్లులకు అంగిలిలో పుండు పడితే నాలుకకైనా తగులుతుంది. ఊపిరితిత్తిలోని చిన్న కణితికి నొప్పీ ఉండదు, జాడా ఉండదు.

కఫ పరీక్షలో టీబీ తేలనివారికి, రెండు నెలలు మందులు వాడినా మచ్చ తగ్గనివారికి సీటీ స్కాన్ తప్పనిసరి చేయాలని మేము కోరుతున్నాం. రెండు జిల్లా కేంద్రాల్లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. అక్కడ మచ్చను పట్టుకుంటే, సూది చికిత్స విశాఖలోని ప్రభుత్వ ఆసుపత్రుల్లో పేదలకు పైసా ఖర్చు లేకుండా జరగాలి. ఉద్దానం కిడ్నీ రోగులు ఏళ్లతరబడి అడిగి అడిగి అలిసిపోయాక, 2023 డిసెంబరులో గానీ పలాసలో 200 పడకల ఆసుపత్రి తెరుచుకోలేదు. ఊపిరితిత్తి క్యాన్సర్ రోగి అన్నేళ్లు ఆగలేడు. స్కాన్ చూస్తూ సూది నడపగల రేడియాలజిస్టుల పోస్టులను, సూదులు, యంత్రాల కొనుగోలును ప్రభుత్వం వచ్చే బడ్జెట్‌లోనే చేర్చాలి. ఇచ్ఛాపురం నుంచి 200 కిలోమీటర్లకు పైగా దగ్గుతూ విశాఖ చేరే మనిషి వెంట వచ్చినవారి బస, భోజనం ఖర్చు కూడా అందులోనే చూడాలి.