పసుపు పాలు తాగి ఎండలో కూర్చుంటే క్యాన్సర్ గడ్డ కరగదు

మొన్న దేవరకొండ పోతే మా చిన్నాయన పొద్దున ఏడింటికే డాబా మీద అంగీ విప్పి, స్టీలు గ్లాసులో పసుపు పాలు పట్టుకుని ఎండకు వీపు పెట్టి కూర్చున్నాడు. ఏంది చిన్నాయనా అంటే ఫోన్ చూపించాడు. మా నల్లగొండ, పాలమూరు గ్రూపుల్లో తెగ తిరుగుతున్న మెసేజే: "కాంతితో క్యాన్సర్‌ను చంపే మందు దొరికింది, కంపెనీలు దాచిపెట్టాయి. ఆ గుణం పసుపులోనే ఉంది. పాలల్లో కలుపుకొని తాగి అరగంట ఎండలో కూర్చుంటే గడ్డ కరిగిపోతుంది, కీమో అక్కర్లేదు." ఆయనకు జబ్బేం లేదు, ముందుజాగ్రత్తంట. అంతవరకు పర్వాలేదు, కానీ గుట్కా తిని నోట్లో మానని పుండు పెట్టుకున్నవాడు ఇది నమ్మి డాక్టర్ దగ్గరికి పోవడం మానేస్తేనే నాకు టెన్షన్.

దాచిపెట్టారన్నది ఉత్త మాట. కొన్ని రంగులకు వెలుగు తగిలితే సూక్ష్మజీవులు చస్తాయని మ్యూనిక్‌లో ఆస్కార్ రాబ్ అనే విద్యార్థి గమనించింది 1900 ప్రాంతంలో. ఇలా వెలుగుతోనే క్యాన్సర్ కణాలను చంపే ఫోటోఫ్రిన్ అనే మందుకు 1993లో కెనడా, 1995లో అమెరికా అనుమతిచ్చాయి. ఇంక దాచిందేంది?

పసుపు సంగతి సగం నిజం, అందుకే అంతమంది నమ్ముతున్నారు. పసుపుకు ఆ రంగునిచ్చే కర్కుమిన్ అనే పదార్థం కాంతిని పీల్చుకుంటుంది, ల్యాబుల్లో పరీక్షిస్తున్నారు కూడా. కాకపోతే అది పీల్చేది ఎక్కువగా నీలి కాంతి. రాత్రి లైట్లు ఆర్పి ఫోన్ టార్చ్ మీద వేలు పెట్టి చూడండి, అటువైపు ఎర్రగానే కనిపిస్తుంది, ఎందుకంటే నీలం, ఆకుపచ్చ మన ఒంట్లో కాస్త దూరం పోయేసరికే ఆగిపోతాయి. పైగా తాగిన పసుపులోని కర్కుమిన్ రక్తంలోకి చేరేది చాలా తక్కువ.

ఇక ఎండ. అసలు ప్రమాదమంతా ఇక్కడే. ఫోటోఫ్రిన్ ఇంజెక్షన్ ఇచ్చాక సుమారు రెండు రోజులు ఆగి, వెలుగును మోసుకుపోయే సన్నటి ఫైబర్‌తో 630 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న ఎర్ర లేజర్ సరిగ్గా గడ్డ మీదే వేస్తారు. మందు ఆ వెలుగును పీల్చుకుని పక్కనున్న ఆక్సిజన్‌ను రెచ్చగొడితే అది కణాన్ని లోపలి నుంచి కాల్చేస్తుంది, ఆ మంట వెంట్రుక మందమంత దూరం కూడా పోదు. అంటే మందు, వెలుగు, ఆక్సిజన్ మూడూ ఒకేచోట కలవాలి. అయితే మందు కొంత చర్మంలోనూ మిగులుతుంది కాబట్టి కనీసం 30 రోజులు ఎండ తగలనీయొద్దంటారు. మామూలు సన్‌స్క్రీన్ పూసినా లాభం లేదు, ఎందుకంటే అక్కడ కాల్చేది కంటికి కనిపించే వెలుగే. పాలమూరు ఎండలో ఆ నెల ఎట్లా గడుస్తుందో మీరే ఊహించుకోండి. మెసేజ్ రాసినాయన రోగిని కూర్చోబెట్టింది సరిగ్గా ఆ ఎండలోనే!

కీమో అక్కర్లేదా? ఎర్ర లేజర్ పనిచేసే లోతు ఒక సెంటీమీటరు లోపే. చర్మం, అన్నవాహిక, శ్వాసనాళం లాంటి ఫైబర్ అందే చోట్లకు బాగుంటుంది, ఒళ్లంతా పాకిన జబ్బుకు కాదు. అందుకే కొత్త సమ్మేళనాల వెతుకులాట ఇంకా నడుస్తోంది. ప్రోస్టేట్ క్యాన్సర్ కోసం 2017లో యూరప్ అనుమతించిన పాడెలిపోర్ఫిన్ అనే ఇలాంటి మందు 753 నానోమీటర్ల దగ్గర పనిచేస్తుంది, ఆ కాంతి ఇంకాస్త లోతుకు పోతుంది, మందు కూడా ఒంట్లోంచి తొందరగా బయటపడుతుంది. మూత్రాశయం కోసం పరీక్షల్లో ఉన్న రుథేనియం అనే లోహంతో చేసిన మందుకేమో కావాలనే ఆకుపచ్చ కాంతి వాడుతున్నారు. పైపొరలో గడ్డ చావాలి, కింది కండరం జోలికి వెలుగు పోకూడదు కదా. ఒక్కో చోటికి ఒక్కో లెక్క.

ఇదంతా చెబితే చిన్నాయన గ్లాసు పక్కన పెట్టి అంగీ వేసుకున్నాడు. ఆ మెసేజ్ అప్పటికే మూడు గ్రూపులకు పంపాడంట. డిలీట్ చెయ్ అంటే, నాలుగు రోజులైంది, అందరికీ పోయేట్టు డిలీట్ ఆప్షన్ రావట్లేదన్నాడు.