పేరు గడి ఒక్కటే ఖాళీ

నిర్మాణ స్థలాల్లో ప్రమాదాలు జరగడం బాధాకరం. అంతకంటే బాధాకరం, జరిగిన ప్రతిసారీ విచారణ నివేదికను మొదటి అక్షరం నుంచి రాయాల్సి రావడం. చాలా ఏళ్లుగా ఆ నివేదికలే రాస్తున్నవాడిగా ఒక చిన్న సంస్కరణ ప్రతిపాదిస్తున్నాను. నివేదిక ముందే రాసేద్దాం. పునాది గీతలు గీసిన రోజే టైపు చేయించి, సంతకాలు పెట్టించి, బీరువాలో దాచుకుంటే సరి. పేరు, తేదీ, ఎన్నో అంతస్తు అనే గడులు ఖాళీ ఉంచితే చాలు. కారణం గడిని ఖాళీ ఉంచే పని లేదు. అది ఎప్పుడూ ఒకటే: కార్మికుడి అజాగ్రత్త.

ఇది నా సొంత తెలివి అనుకునేరు. మాకో పెద్దాయన ఉన్నాడు. హెన్రిచ్ అని, అమెరికాలో ఇన్సూరెన్స్ కంపెనీలో పనిచేసేవాడు. పని చోట జరిగే ప్రమాదాల్లో 88 శాతం మనుషుల తప్పుల వల్లే, 10 శాతం పరిసరాలు బాగోలేక, మిగతా 2 శాతం ఎవరూ ఆపలేనివి అని 1931 నాటికే తేల్చేశాడు. లెక్క ఎక్కడి నుంచి తీశాడయ్యా అంటే ఇన్సూరెన్స్ ఫైళ్ల నుంచి, ఫ్యాక్టరీ యజమానుల రికార్డుల నుంచి. ఆ కాగితాలు రాసిందెవరు? మాలాంటివాళ్లే. మేం రాశాం, ఆయన లెక్కపెట్టాడు, ఆయన లెక్క చూసుకుని మేం మళ్లీ అదే రాస్తున్నాం. ఇంత పకడ్బందీ శాస్త్రం ఇంకోటి చూపించండి.

ఎత్తు నుంచి పడటమే తీసుకోండి. నిర్మాణ పనుల్లో ప్రాణం పోయే దారుల్లో అదే పెద్దది. 10 మీటర్ల ఎత్తు నుంచి జారిన మనిషి నేలను చేరడానికి ఒకటిన్నర సెకను కూడా పట్టదు. చేరేసరికి వేగం గంటకు 50 కిలోమీటర్లు. ఆ కాస్త వ్యవధిలో తేరుకుని జాగ్రత్త పడలేకపోయాడంటే అజాగ్రత్త కాక మరేమిటి? స్లాబ్ అంచుకు రెయిలింగ్ ఎందుకు లేదని కొందరు అడుగుతుంటారు. మా నమూనాలో ఆ ప్రశ్నకు గడి లేదు. గడి లేనిదానికి జవాబు ఎక్కడ రాయమంటారు?

పైగా హెల్మెట్ ఇచ్చాం కదా! భద్రత నిపుణులు ఒక వరుస చెబుతారు. ముందు అసలు ఆ ప్రమాదమే లేకుండా చేయగలమేమో చూడాలట. అంటే పైన వేలాడుతూ బిగించే ఇనుప చట్రాన్ని కింద నేల మీదే బిగించి క్రేన్‌తో ఎత్తడం లాంటిది. కుదరకపోతే ఇంతకంటే తక్కువ ముప్పున్న పద్ధతికి మారాలి. అదీ కుదరకపోతే రెయిలింగులు, వలలు కట్టాలి. ఆ తర్వాతే శిక్షణ, హెచ్చరిక బోర్డులు. ఇవన్నీ అయ్యాక ఇంకా మిగిలిన ముప్పు కోసం చిట్టచివర హెల్మెట్, బెల్టు. మేం కూడా ఆ వరుసనే పాటిస్తున్నాం, కాకపోతే కింది నుంచి మొదలుపెట్టి మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయాం. హెల్మెట్ అయితే ఫొటోలో పడుతుంది. అది పై నుంచి పడే ఇటుక కోసమే తప్ప పై నుంచి పడే మనిషి కోసం కాదని గొణిగేవాళ్లు ఉంటారు. వాళ్ల కోసం ఒంటికి పట్టీలతో బిగించుకుని, తాడు కొక్కేన్ని గట్టి చోట తగిలించుకునే హార్నెస్ కూడా తెప్పించాం. కొక్కెం దేనికి తగిలించాలని ఒక కుర్రాడు అడిగాడు. చుట్టూ చూశాం. తగిలించడానికి ఏమీ కనబడలేదు. నీ నడుముకే తగిలించుకో నాయనా, తాడు కాళ్లకు అడ్డం పడకుండా ఉంటుంది అన్నాం. భద్రతంటే అంత శ్రద్ధ మాకు.

వల అంటారా, దాని వల్ల మా వృత్తికి జరిగిన నష్టం చెప్పుకోవాలి. శాన్‌ఫ్రాన్సిస్కోలో గోల్డెన్ గేట్ వంతెన కట్టేటప్పుడు చీఫ్ ఇంజనీర్ జోసెఫ్ స్ట్రాస్ వంతెన అడుగున వల కట్టించాడు. 19 మంది అందులో పడి బతికారు. బతకడమే కాక, 'నరకానికి సగం దారి' అని తమకో క్లబ్బు పేరు కూడా పెట్టుకున్నారు. అలా 19 నివేదికలు నీళ్లపాలయ్యాయి. 1937 ఫిబ్రవరి 17న ఒక పని వేదిక ఊడిపోయి, వలను చీల్చుకుంటూ కింద పడింది. 10 మంది చనిపోయారు. అప్పటిదాకా ఆ వంతెన మీద పోయింది ఒక్కరే. వల దండగ అని చెప్పాల్సి వచ్చినప్పుడు నేను ఆ ఒక్క రోజు సంగతే చెబుతాను. 19 అనే అంకె నా నోట రాదు.

మా భాషలో అన్నిటికంటే విలువైన మాట 'హఠాత్తుగా'. పునాది గొయ్యి గోడ హఠాత్తుగా కూలింది. ఘనమీటరు మట్టి దాదాపు ఒకటిన్నర టన్నులు, ఒక కారు అంత బరువు. ఛాతీ దాకా కప్పేస్తే చాలు, ఊపిరి వదిలినప్పుడల్లా మట్టి ఆ సందులోకి సర్దుకుంటుంది, మళ్లీ పీల్చుకోవడానికి చోటివ్వదు. కూలేముందు ఆ గోడ తన వంతుగా చెప్పాల్సినవన్నీ చెబుతూనే ఉంటుంది. అంచున పగుళ్లు, అడుగున చెమ్మ, ఉండుండి రాలే చిన్న పెళ్లలు. రాత్రంతా వాన పడింది. తవ్విన మట్టిని గొయ్యి అంచునే కుప్ప పోశాం. ఆ పక్కనే ఎక్స్‌కవేటర్ నిలిపాం. ఇన్ని జరిగాక కూలింది, హఠాత్తుగా. గొయ్యి 5 అడుగులు దాటితే గోడలకు ఆనింపు పెట్టాలని, లేదా వాలుగా తవ్వాలని, తీసిన మట్టిని అంచుకు కనీసం 2 అడుగుల దూరంలో పోయాలని అమెరికా వాళ్ల నిబంధన. మేమూ లోతు ఎంతో తెలుసుకుందామని టేపు తెచ్చాం. టేపు రెండో కొస పట్టుకోవడానికి ఒకణ్ని గొయ్యిలోకి దింపాం.

కాంక్రీటుతో వచ్చే చిక్కు వేరు. దానికి షెడ్యూలు చదవడం రాదు. 1978 ఏప్రిల్ 27న అమెరికాలో, వెస్ట్ వర్జీనియాలోని విల్లో ఐలండ్‌లో కరెంటు కేంద్రం నీళ్లు చల్లార్చే ఒక కూలింగ్ టవర్ కడుతున్నారు. పరంజాను ఆ టవర్ కాంక్రీటుకే బిగించి, దాని మీద నిలబడి పైకి కట్టుకుంటూ పోయే పద్ధతి. కిందటి రోజు పోసిన వరుస ఇంకా గట్టిపడలేదు. దాని మీదే బరువు పడింది. వరుస ఊడింది, పరంజా ఊడింది, 51 మంది చనిపోయారు. ఆ చోటు గురించి నాకు వెటకారంగా రాయడం చేతకావడం లేదు, ముందుకు పోదాం.

హెచ్చరికలు అందాక కూడా పని ఎలా కొనసాగించాలో చూడాలంటే కెనడాలోని క్యూబెక్ వంతెన కథ చదవాలి. 1907 ఆగస్టులో దాని కింది ఉక్కు భాగాలు వంగుతున్నాయని కొలతలతో సహా తెలిసింది. సైట్‌లో ఉన్న ఇంజనీర్ రైలెక్కి న్యూయార్క్ వెళ్లి సలహా ఇంజనీర్ థియోడర్ కూపర్‌కు చూపించాడు. బరువు పెంచవద్దని కూపర్ ఆగస్టు 29న తంతి కొట్టాడు. అయితే తంతి వెళ్లింది వంతెన దగ్గరికి కాదు, ఉక్కు తయారుచేసే కంపెనీ ఆఫీసుకు. వంతెన దగ్గర పని మామూలుగానే సాగింది. సాయంత్రానికి వంతెన నదిలో పడింది. 75 మంది పోయారు. మా దగ్గర ఇలా తంతుల దాకా రానివ్వం. "సార్, స్తంభానికి పగులొచ్చింది" అని మేస్త్రీ అంటే, "నువ్వేమైనా ఇంజనీరువా?" అని అడుగుతాం. ఇంజనీరే అంటే, "స్లాబ్ ఎల్లుండి, తెలుసు కదా" అంటాం. పగులు అక్కడితో పూడిపోతుంది, కనీసం కాగితం మీద.

లండన్‌లో 2012 ఒలింపిక్స్ కోసం అంత పెద్ద పార్కు, స్టేడియాలు కట్టి, ప్రమాదంలో ఒక్క కార్మికుణ్ని కూడా పోగొట్టుకోలేదట. అక్కడి మా తోటివాళ్ల పరిస్థితి తలచుకుంటే జాలేస్తుంది.

నా సంస్కరణను ప్రయోగాత్మకంగా ఒక సైట్‌లో అమలుచేశాం. మూడో అంతస్తులో పైపుల కోసం వదిలిన రంధ్రం ఉంది, మనిషి పట్టేంత. దాని మీద సిమెంటు సంచి పరిచి ఉంది. నా అనుభవంలో ఇది మేలైన చోటు. నివేదిక సిద్ధంగా పెట్టుకున్నాను. వారమైంది, రెండు వారాలైంది, పేరు గడి నిండలేదు. అనుమానం వచ్చి వెళ్లి చూశాను. సంచి లేదు. దాని స్థానంలో మందపాటి చెక్క, పక్కకు జరగకుండా నాలుగు మూలలా మేకులు, పైన ఎర్ర పెయింట్‌తో 'కింద రంధ్రం' అని రాత. ఎవరు చేశారో ఎవరికీ తెలియదన్నారు. ఎవరి అనుమతీ లేదు, బిల్లులో లేదు, డ్రాయింగులో అసలే లేదు.

వెంటనే విచారణకు ఆదేశించాను. పేరు గడి ఇంకా ఖాళీగానే ఉంది. ఈసారి కారణం గడిలో ఏం రాయాలో కూడా తోచడం లేదు.