సరస్సుకు వాటా రాయని ఒప్పందం

అఫ్గానిస్థాన్‌లో పుట్టి, ఇరాన్ సరిహద్దులోని హామూన్ సరస్సుకు చేరే హెల్మంద్ నది నీళ్ల మీద మాటలు ముదిరిన రోజుల్లోనే, 2023 మే నెలలో, ఇరాన్-అఫ్గానిస్థాన్ సరిహద్దులో కాల్పులు జరిగాయి. ఇరువైపులా ప్రాణాలు పోయాయి. అప్పటికీ ఇప్పటికీ వాదన ఒకటే. ఒప్పందం ప్రకారం మా నీళ్లు మాకు వదలాలని టెహ్రాన్ అంటుంది. వానలే లేనప్పుడు ఎక్కడి నుంచి తెచ్చి వదలాలని కాబూల్ అడుగుతుంది. ఈ తగవులో అందరికన్నా ఎక్కువ నష్టపోయింది హామూన్ సరస్సు. దాని తరఫున అడిగే దిక్కే లేదు.

1973 నాటి ఒప్పందాన్ని చెడ్డదని నేను అనను. సెకనుకు 26 ఘనపు మీటర్ల నీరు ఇరాన్‌కు రావాలి. అందులో 22 హక్కుగా, 4 సౌహార్దం కింద. ఏడాదికి దాదాపు 82 కోట్ల ఘనపు మీటర్లు, మన లెక్కలో 29 టీఎంసీలు. నీరు తగ్గిన ఏడాది వాటా కూడా ఆ మేరకు తగ్గుతుంది. కొలత కజకి జలాశయానికి ఎగువన, దెహ్రావుద్ దగ్గర తీయాలి. లోపం మరోచోట ఉంది. ఆ పత్రంలో వాటాదారులు ఇద్దరే. నది చివరికి చేరే సరస్సు పేరిట చుక్క నీరు రాయలేదు. పంపకానికి లొంగని వరద ఎలాగూ వస్తుంది, సరస్సు దాని మీద బతుకుతుందిలే అని వదిలేశారు.

నిజంగానే అలా బతికింది. హిందూకుష్ కొండల్లో మంచు కరిగితే వసంతంలో వరద వచ్చి, మంచి ఏడాదుల్లో హామూన్ వేల చదరపు కిలోమీటర్ల మేర పరుచుకునేది. అక్కడి జాలర్లకు కర్ర పడవలు ఉండేవి కావు. సరస్సులో పెరిగే జమ్మును కోసి, ఎండబెట్టి, మోపులుగా బిగించి కట్టిన సన్నటి తెప్పను తూటన్ అంటారు. గడతో నేలను తన్నుతూ దాని మీదే చేపల వేటకు వెళ్లేవారు. నీళ్లు పోయాక జమ్ము పోయింది, జమ్ముతో తూటన్ పోయింది. గాలి మాత్రం పోలేదు. వేసవిలో నూట ఇరవై రోజులు వీస్తుందని దానికి పేరు. హామూన్ చుట్టూ ఉన్న సీస్తాన్ ప్రాంత ప్రజలు వెయ్యేళ్ల కిందటే ఆ గాలితో మరలు తిప్పి గోధుమలు విసురుకున్నారు. ఇప్పుడు అదే గాలి ఎండిన సరస్సు అడుగును ఎత్తి ఊళ్ల మీద పోస్తోంది. అక్కడి జాబోల్ పట్టణం 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గణాంకాల్లో సూక్ష్మ ధూళి విషయంలో అన్ని నగరాలకన్నా పైన నిలిచింది.

ఆ వరదను రెండు దేశాలూ పట్టేశాయి. అఫ్గానిస్థాన్ 2021 మార్చిలో హెల్మంద్ మీద కమాల్ ఖాన్ ఆనకట్టను ప్రారంభించింది. నీళ్లు కావాలంటే చమురు ఇవ్వాలని అప్పటి అధ్యక్షుడు అష్రఫ్ ఘనీ అన్నారు. అక్కడి నుంచి మిగులు వరద గౌదె జిరే అనే ఉప్పు పల్లానికి మళ్లుతోంది. అది ఏ పొలాన్నీ తడపదు. ఇరాన్ తక్కువ తినలేదు. వచ్చిన నీటిని ముందు చాహ్ నీమే జలాశయాల్లోకి మళ్లించి, జాహెదాన్ నగరం దాకా గొట్టాలు వేసుకుంది. తమ గడ్డ మీది సరస్సుకు తామే నీరు ఆపుకుని, నేరమంతా ఎగువ దేశం మీద మోపడం న్యాయం కాదు.

నలభై ఏళ్లు యుద్ధంలో నలిగిన పేద దేశం తన రైతును ఎండబెట్టి పొరుగువాడి సరస్సును ఎందుకు నింపాలని కొందరు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. అయితే హామూన్ ఒక్క ఇరాన్‌ది కాదు, అందులో ఒక భాగమైన హామూనె పూజాక్ అధికంగా అఫ్గాన్ భూభాగంలోనే ఉంది. ఆ ధూళి అఫ్గాన్ పట్టణం జరంజ్ మీదా పడుతోంది.

నా కోపమంతా ఒక్క మాట మీద. వృథా. కమాల్ ఖాన్ కట్టడానికీ, చాహ్ నీమే తవ్వడానికీ ఆ మాటే ఆసరా. మనకూ అది కొత్త కాదు. ఏటా ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తగానే, ఇన్ని టీఎంసీలు వృథాగా సముద్రంలో కలిశాయని పతాక శీర్షికలు పెడతాం. హెల్మంద్ ఒప్పందం కుదిరిన 1973లోనే బచావత్ ట్రైబ్యునల్ కృష్ణా నికర జలాలు 2060 టీఎంసీలను మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 చొప్పున పంచింది. కూడి చూడండి, సముద్రానికి ఏమీ మిగలదు. దిగువకు మంచినీరు తగ్గితే ఉప్పునీరు ఎంత లోపలికి వస్తుందో దివిసీమ రైతును అడిగితే తెలుస్తుంది. వృథా అన్న ఆ నీరే అతని పొలాన్ని కాపాడుతూ వచ్చింది. నది చివర ఉన్నవాడి అవసరాన్ని లెక్కలో రాయకపోతే, ఎగువన ఉన్న ప్రతివాడికీ అది మిగులుగానే కనిపిస్తుంది.

ఒప్పందం కింద రెండు దేశాల జల కమిషనర్లు ఉన్నారు. వారు కూర్చున్నప్పుడు ఆ 26 ఘనపు మీటర్ల పాత పద్దుతో మొదలుపెట్టకూడదు. వసంత వరదలో ఎంత భాగం ఎవరి జలాశయంలోకీ వెళ్లకుండా హామూన్‌కు చేరాలో ముందు రాసుకోవాలి. ఆ వాటాను ఉప్పు పల్లానికి మళ్లించకూడదని కాబూల్, చాహ్ నీమేలోకి మళ్లించకూడదని టెహ్రాన్ ఒకే కాగితం మీద సంతకం చేయాలి. దెహ్రావుద్ కొలతలు ఏ రోజువి ఆ రోజు రెండు దేశాల ప్రజలకూ కనిపించాలి. వేసవి గాలి లేచేలోపు ఆ నీరు సరస్సు అడుగును తడపాలి.