నోరు విప్పని పెళ్లివారు

ఎక్సెల్ వచ్చిన పాపానికి మా క్లబ్బు టోర్నమెంట్ షెడ్యూల్ నా నెత్తిన పడింది. డాలస్ చుట్టుపక్కల ఆడపిల్లల చేత బేస్‌బాల్ లాంటి సాఫ్ట్‌బాల్‌ను ఊరూరా తిప్పి ఆడించే ట్రావెల్ క్లబ్బులకు కొదవ లేదు. మా క్లబ్బు ఏడాదికోసారి ఒక టోర్నమెంట్ పెట్టి, వచ్చిన ఎంట్రీ ఫీజులతో బంతులూ యూనిఫారాలూ కొంటుంది. మీటింగులో ‘షెడ్యూల్ ఎవరు వేస్తారు?’ అన్న మాట రాగానే తక్కిన తల్లిదండ్రులందరూ కూడబలుక్కుని నావైపు తిరిగారు. ఇండియన్, పైగా ఐటీ. ఇంక తిరుగేముంది.

ఇరవై నాలుగు జట్లు, ఐదు మైదానాలు, శనివారం లీగ్ ఆటలు, ఆదివారం నాకౌట్లు. వినడానికి ఇంతే. షెడ్యూల్ పంపిన గంటలోపే మెయిళ్లు మొదలయ్యాయి. ప్రతి జట్టుకూ ఉదయం పదింటి ఆటే కావాలి, అదీ ఒకటో నంబరు మైదానంలోనే. తమ జట్లకు పిల్లల్ని ఏరుకోవడానికి వచ్చే కాలేజీ కోచ్‌లు నీడ ఉన్నచోటే కూర్చుంటారనీ, నీడ అక్కడే ఉందనీ వాళ్ల లెక్క. ఎనిమిదింటి ఆట ఎవరికీ వద్దు. ఒక జట్టులో సగం మందికి శనివారం పొద్దున కాలేజీ ప్రవేశానికి రాసే ఎస్‌ఏటీ పరీక్ష. ఇంకో తండ్రయితే మొహమాటం లేకుండా, ‘బంతి విసిరే మా పిచర్‌ని చూడ్డానికి యూనివర్సిటీ వాళ్లు వస్తున్నారు, కాస్త బ్యాటింగ్ రాని జట్టుతో వెయ్యండి’ అని రాశాడు. ఏ జట్టుకు బ్యాటింగ్ రాదో అడిగితే మా జట్టు పేరే చెప్పాడు.

అంపైర్లది మరో గోల. ఇద్దరు ముందురోజు రాత్రి రాలేమన్నారు. ఆటకు రెండు గంటల సేపు తల్లిదండ్రుల నోళ్లు భరించే ఉద్యోగం కదా, ఆ వచ్చినవాళ్లు మాత్రం ఎందుకు వస్తున్నారో!

ఇన్ని చాలవన్నట్టు తెనాలి నుంచి మా నాన్నగారు వచ్చి ఉన్నారు. ఆయనకు క్రికెట్ తప్ప ఇంకో ఆట ఆటే కాదు. పిచర్ చెయ్యి గిర్రున తిప్పి నలభై మూడు అడుగుల దూరం నుంచి బంతిని కింద నుంచి విసరడం చూసి నోరెళ్లబెట్టారు. ‘1981లో ట్రెవర్ చాపెల్ అండరార్మ్ వేస్తే లోకమంతా తిట్టిపోసింది. ఇక్కడ దానికి స్కాలర్‌షిప్పులా!’

శనివారం మధ్యాహ్నం దాకా బండి బాగానే నడిచింది. రెండింటికి ఎక్కడో దూరంగా ఉరిమింది. ఇక్కడ రూలేమిటంటే, ఉరుము వినబడినా మెరుపు కనబడినా ఆట ఆపి అందరూ కార్లలోకి పోవాలి. ఆఖరి ఉరుము తర్వాత ముప్పై నిమిషాలు గడవాలి. ఇరవై తొమ్మిదో నిమిషంలో ఇంకోటి ఉరిమితే మళ్లీ ఒకటి నుంచి లెక్క. ఆ మేఘం కూడా నా ఎక్సెల్ చూసే వచ్చిందేమో, సరిగ్గా ఇరవై ఐదు దాటాకే ఉరిమేది. జనం కార్లు దిగడం, ఎక్కడం, నా ఫోనుకు మెసేజ్‌లు పెట్టడం. ‘ఇంకెంతసేపు?’ అట. ఇంద్రుడి నంబరు నా దగ్గరుందనుకున్నారు. వాన వెలిశాక బేస్‌ల దగ్గర మడుగులు. తండ్రులు స్పాంజీలతో నీళ్లు పిండి బకెట్లలో పోస్తుంటే, తల్లులు బురద ఆరే పొడి సంచులు విప్పి చల్లి రేకులతో సర్దారు. లక్షల డాలర్ల ఇళ్లున్న డాక్టర్లు కూడా మోకాళ్లమీద కూర్చుని మట్టి పిసికారు.

ఈ సందట్లో మా నాన్నగారు మాయమయ్యారు. వెతికితే క్యాంటీన్ షెడ్డు కింద దొరికారు. పక్కన యూనివర్సిటీ టోపీ పెట్టుకుని, ఒళ్లో నోటుపుస్తకం, చేతిలో బంతి వేగం కొలిచే రాడార్ గన్‌తో ఒకావిడ. ఈయన పులిహోర డబ్బా మూత తీసి ఆవిడ ముందు పెట్టి, మనవరాలి మార్కులు, మా వంశం, తెనాలిలో మా ఇల్లు, అన్నీ చెప్పేస్తున్నారు. ఆవిడ పాపం, నవ్వుతూ తల అడ్డంగా ఊపుతోంది. చివరికి ‘సారీ సర్’ అని కుర్చీ మడిచి చంకలో పెట్టుకుని అవతలి చివరకు వెళ్లిపోయింది.

‘ఏంటే అమ్మాయ్, అంత పొగరు?’ అన్నారు నాన్నగారు.

‘పొగరు కాదు నాన్నా. డివిజన్ వన్, అంటే పై అంచె కాలేజీల కోచ్‌లు, పిల్ల పదకొండో తరగతికి వచ్చిన ఏడాది సెప్టెంబరు 1 దాకా పిల్లతోగానీ ఇంట్లోవాళ్లతోగానీ ఆ విషయాలు మాట్లాడకూడదు. కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ వాళ్ల రూలు. దూరం నుంచి చూడొచ్చు, రాసుకోవచ్చు.’

‘అంటే పెళ్లిచూపులకొచ్చి నోరు విప్పకుండా పోతారన్నమాట.’

‘అంతే.’

‘ముహూర్తం రావాలంటే మనదానికి ఇంకా ఏడాది ఉంది. సరే, ఇచ్చేదెంత?’

2025 దాకా డివిజన్ వన్‌లో సాఫ్ట్‌బాల్ జట్టుకు పన్నెండు స్కాలర్‌షిప్పులే ఉండేవనీ, వాటినే ముక్కలు చేసి ఇరవై మందికి పంచేవాళ్లనీ, ఇప్పుడు చాలాచోట్ల జట్టుకు ఇరవై అయిదుగురు మించకూడదన్న లెక్క వచ్చిందనీ, డివిజన్ త్రీలోనైతే ఆటకు పైసా ఇవ్వరనీ చెప్పాను. ఆయన కాసేపు వేళ్లమీద ఏదో లెక్కేసుకుని, దాని బ్యాటెంతో, హోటళ్లకెంతయిందో అడిగారు. నేను మడుగు వంక చూస్తూ వినబడనట్టు వచ్చేశాను. మా ఇంట్లో ఆ లెక్క మా ఆయన కూడా ఎత్తడు.

ఇంతకీ ఆవిడ వచ్చింది మా పిల్ల కోసం కాదు, ఎదుటి జట్టు ఎడమచేతి పిచర్ కోసం. ఆ పిచర్ ఆట ఆదివారం పొద్దునకు వాయిదా పడింది, ఆవిడ విమానం శనివారం రాత్రి. ఆ పిచర్ తండ్రి ఇప్పటికీ నన్ను చూస్తే పలకరించడు. ఆదివారం ఆటల నిడివి తగ్గించినా పొద్దు చాలలేదు. పార్కు వాళ్లు పదింటికి దీపాలు ఆర్పేస్తామన్నారు. ఫైనల్ సమానంగా ఉండగానే టైమైపోయి, నాణెం ఎగరేసి కప్పు ఇచ్చేశాం. ఎగరేసింది మా నాన్నగారే. ఎవరి పక్షమూ కాదని రెండు జట్లూ ఒప్పుకున్న మనిషి ఆయనొక్కరే మరి.

రెండు వారాల తర్వాత ఆ యూనివర్సిటీ నుంచి మా అమ్మాయికి మెయిల్ వచ్చింది. ఆగస్టులో మా క్యాంపస్‌లో శిక్షణ క్యాంపు, మా కోచ్‌లందరూ ఉంటారు, రండి అని. క్యాంపు ప్రకటనలు పంపడానికి రూలు అడ్డురాదు. ఎప్పుడో ఫారం నింపిన పిల్లలందరికీ పోయే మెయిల్ అది. నేను చెప్పేలోపే నాన్నగారు తెనాలికి ఫోన్ కలిపి, పులిహోర తిన్న విశ్వాసం పోనివ్వలేదని మా అమ్మకు చెబుతున్నారు. ఆవిడ ఒక్క మెతుకు ముట్టలేదన్న సంగతి ఆయనకు గుర్తులేదు.

అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న ఫీజు దగ్గరకొచ్చేసరికి మాత్రం కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు.

‘ఏమిటే ఇది, ఇంకా మాటయినా కలవలేదు, చూపులకే కట్నం అడుగుతున్నారు!’