అర సెకను మొనగాళ్ళు

రెండు చైన్‌సాలు, అదే, ఇంజనుతో తిరిగే గొలుసు రంపాలు, పక్కపక్కన పెట్టి, ఏది ముందు కోస్తుందో తేల్చే పరిశోధకులు ఈ మధ్య మరీ ఎక్కువైపోయారు. మానవజాతికి ఇంకా జవాబు దొరకని ప్రశ్న ఇదొక్కటే మిగిలిందన్నంత శ్రద్ధ వాళ్ళది. చిన్న రంపాల జోలికి పోరు, పరువు తక్కువ. 60 సీసీ దాటినవాటి జోలికీ పోరు, మొయ్యాలి కదా. వాళ్ళ పాండిత్యమంతా 50కీ 60కీ మధ్యనే.

ఆ మధ్యన ఏముందయ్యా అంటే, స్టిల్ ఎంఎస్ 261 ఇంజను 50.2 సీసీ. హస్క్‌వర్నా 550 ఎక్స్‌పీ మార్క్ 2 ఇంజను 50.1 సీసీ. కాగితం మీద రెండిటి శక్తీ 3 కిలోవాట్లే. రెండు కంపెనీల ఇంజనీర్లు ఎవరి దారిన వాళ్ళు బుర్రలు బద్దలుకొట్టుకుని చివరికి ఒకే చోట తేలారన్నమాట. మన పరిశోధకుడికి ఇది నచ్చదు. రెండూ సమానమైతే ఇక వాదించుకోవడానికి ఏం మిగుల్తుంది? అందుకని ఓ దుంగ తెప్పిస్తాడు.

ఆ దుంగ ఒకవైపు లావు, ఒకవైపు సన్నం, లావువైపు ఓ ముడి కూడా. సన్నంవైపు తన రంపానికి, ముడి ఉన్నవైపు పక్కవాడి రంపానికి. కాకతాళీయం, అంతే. తన రంపానికి అప్పుడే ప్యాకెట్ విప్పి తీసిన, వాడి మూలల పళ్ళున్న ఫుల్ చిజెల్ చైన్. పక్కదానికి నిన్న మట్టిలో దిగి, రాయిని పలకరించి వచ్చిన పాత చైన్. అదీ కాకతాళీయమే. సెల్‌ఫోన్ పట్టుకుని టైమ్ చూసే నిష్పాక్షిక న్యాయనిర్ణేత సాక్షాత్తూ బావమరిది.

"రెడీయా బావా?"

"ఆఁ, నొక్కు."

బావ నొక్కమన్నది ఫోనుని. కానీ నొక్కుడంతా బావదే. తన రంపం మీద పొట్ట ఆనించి, ఇంజను మూలిగేదాకా బరువు వేస్తాడు. పక్కవాడి రంపం వంతు వచ్చేసరికి పసిపాపని ఉయ్యాల్లో వేస్తున్నట్టు దుంగ మీద అలా ఆనించి వదిలేస్తాడు. గంభీరంగా ఫలితాలు వెలువడతాయి. తనది 9.4 సెకన్లు, పక్కవాడిది 9.9.

"బావా, అర సెకను!"

"నేను చెప్పలా?"

"కాకపోతే బావా, మధ్యలో తుమ్మొచ్చింది. ఆపడం కాస్త లేటయింది."

"ఎవరి టైములో?"

"మీ దాంట్లోనే."

"అయితే మనది ఇంకా ఫాస్టన్నమాట!"

సైన్సు ఇలా ముందుకు పోతోంది.

ఇంతకీ చెక్కని కోసేది ఇంజను కాదు, చైన్ పళ్ళు. ఏ రంపం గొప్పదో చూడాలంటే ఫోను వైపు కాదు, నేల వైపు చూడాలి. పదునున్న చైన్ పలుకులు పలుకులుగా చెక్క రాలుస్తుంది, మొద్దుబారింది పిండి రాలుస్తుంది. మొద్దుబారిన 60 సీసీని పదునైన 50 సీసీ సునాయాసంగా దాటేస్తుంది. 1946లో అమెరికాలో జో కాక్స్ అనే దుంగలు కోసే మనిషి, మోడుని తొలుస్తున్న ఓ పురుగు లార్వాని చూశాడు. అది చెక్కని నిలువుగానూ అడ్డంగానూ అవలీలగా తినేస్తోంది. దాని దవడల తీరు పట్టుకుని కొత్త రకం చైన్ చేసి, మరుసటేడే కంపెనీ పెట్టాడు. నేటి చైన్ పళ్ళకి ఆ పురుగే మూలం. ఆ పురుగు ఎన్ని సీసీలో కాక్స్ అడగలేదు.

ఇంకో విద్య కూడా ఉంది. చైన్‌ని తిప్పే పళ్ళచక్రం ఉంటుంది, స్ప్రాకెట్ అంటారు. 7 పళ్ళది తీసేసి 8 పళ్ళది బిగిస్తారు. చైన్ వేగం ఏడో వంతు పెరుగుతుంది, లాగే బలం ఆ మేరకు తగ్గుతుంది. సన్నటి దుంగలో ఇది సింహం, లావు దుంగలో దిగితే చతికిలబడుతుంది. అందుకే పరీక్షకి లావు దుంగ ఎప్పుడూ దొరకదు.

టింబర్‌స్పోర్ట్స్ అని చెట్టుకోత పోటీలున్నాయి. వాటిలో స్టాక్ సా అనే విభాగంలో అందరికీ ఒకే మోడల్ రంపం, ఎంఎస్ 661 ఇస్తారు. 40 సెంటీమీటర్ల దుంగ నుంచి రెండు బిళ్ళలు కోయాలి. రంపం ఒకటే, దుంగ ఒకటే, అయినా టైములు వేరు. అంటే తేడా మనిషిలో ఉంది. వాళ్ళు మిగతావన్నీ సమానం చేసి మనిషిని కొలుస్తారు. మనవాడు మనిషినీ, చైన్‌నీ, దుంగనీ మార్చేసి, రంపాన్ని కొలిచానంటాడు.

పోనీ, ఆ అర సెకను నిజమే అనుకుందాం. కోత కోతకీ మిగిల్చుకున్న అర సెకన్లన్నీ ఎక్కడికి పోతాయి? దుంగ ఎటు వంగి ఉందో చూసుకోకుండా కోస్తే, కోత మూసుకుపోయి బార్, అంటే చైన్ తిరిగే పొడుగాటి పట్టీ, ఇరుక్కుంటుంది. ఇక దాన్ని ఊడబెరకడానికి మేకులు, సుత్తులు, తిట్లు. పొద్దుటినుంచీ పోగేసిన సెకన్లన్నీ ఆ ఒక్క ఇరుకులో హారతి కర్పూరం.

ఇంతవరకైతే నవ్వుకుని ఊరుకోవచ్చు. కానీ ఈ పిచ్చి ముదిరినవాళ్ళు రేకర్లు అరగదీస్తారు. ప్రతి కోత పన్ను ముందూ ఓ చిన్న మిట్ట ఉంటుంది, అదే రేకరు. పన్ను ఎంత లోతుకి దిగాలో అదే నిర్ణయిస్తుంది. మామూలుగా ఆ తేడా 0.65 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. ఆకురాయితో దాన్ని ఇంకా కిందికి రాస్తే పన్ను ఎక్కువ కరుస్తుంది, టైమ్ తగ్గుతుంది, చప్పట్లు పడతాయి. కిక్‌బ్యాక్ ప్రమాదం పెరుగుతుంది. బార్ ముక్కు పైభాగం చెక్కకి తగిలితే చాలు, తిరుగుతున్న చైన్‌తో సహా రంపం ఎగిరి మొహం మీదికొస్తుంది. తప్పుకునే టైము ఉండదు. ఎడమచేతి ముందుండే ఆ అడ్డుపట్టీ చైన్ బ్రేకు. అది ఉన్నదే అందుకు. చేతికి అడ్డమొస్తోందని దాన్ని కూడా విప్పి పారేసే మహానుభావులున్నారు! ఏం చూసుకుని విప్పుతారయ్యా? రేపు మొహం చీలితే కుట్లు వేసే డాక్టరుకి 9.4 అని చెప్పుకుంటారా?

విప్పినవాడి మొహమే పోయేదైతే నాకింత కోపం రాదు. ఈ పోటీలు చూసి రంపం కొనేది ఒకడు, పట్టుకుని కోసేది ఇంకొకడు, కూలికొచ్చినవాడు. నిక్కరూ చెప్పులతో చెట్టు కింద నిలబడేది ఆ మనిషి. "ఇంత ఫాస్ట్ మెషీన్ చేతిలో పెట్టాను, ఇంకా అవలేదా?" అని నీడలో కుర్చీ వేసుకుని కేకలేసేది ఈ పెద్దమనిషి. చైన్‌సా పనికి వేరే ప్యాంట్లుంటాయి. చైన్ కాలికి తగిలిన క్షణంలో లోపలి పొడుగాటి పీచు బయటికొచ్చి, స్ప్రాకెట్‌కి చుట్టుకుని చైన్‌ని ఆపేస్తుంది. అలాంటిదొకటి కొనిపెట్టమని అడిగితే, "అది తొడుక్కుంటే పని స్లో అవుతుంది" అన్నాడట.

ఎంత స్లో అవుతుందో కొలిచావా అయ్యా? దుంగ నువ్వే తెచ్చుకో. ఆ నిక్కరూ చెప్పులూ నువ్వే వేసుకుని, రేకర్లు అరగదీసిన ఆ రంపం నువ్వే పట్టుకో. టైమ్ నేను చూస్తాను.